లాగు మాస్టారు

భిలాయి సెక్టార్లలో ఉక్కు ప్లాంటు ల్యాబులో చేసి రిటైరైన తెలుగువాళ్ళు ఇంటికొకరు కాకపోయినా వీధికొకరు తగులుతారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ఇక్కడే జుట్టు నెరిసి, సాయంత్రాలు వరండాలో పిల్లలకి కెమిస్ట్రీ చెప్పే జాతి. మా వీధి మాస్టారిని చూస్తే మిగతావాళ్ళని చూడక్కర్లేదు.

"లాగులు తెచ్చుకున్నారా?" అని మొదలుపెడతారు రోజూ. అడిగేది లాగ్ టేబుళ్ళ గురించి. తెలుగొచ్చిన పిల్లలు కిసుక్కుమంటారు. హిందీ పిల్లలు, వీళ్ళెందుకు నవ్వుతున్నారో తెలీక, పుస్తకం తీస్తారు.

ఆయన ప్రాణమంతా పాయింటు తర్వాత ఉంటుంది. మొన్నొక కుర్రాడు, హైడ్రోజన్ అయాన్ గాఢత 2.5 × 10⁻⁴ అయితే పీహెచ్ 3.6 అని రాశాడు.

"సున్నా ఏదిరా?"

"చివరి సున్నాకి విలువేముంది అంకుల్?"

మాస్టారు కళ్ళజోడు తీసేశారు. అది ప్రమాద సూచన.

"రైలు పట్టా ఉక్కులో కార్బన్ 0.7 శాతమని రాస్తే, 0.65 కావచ్చు, 0.75 కావచ్చు. 0.70 అని రాస్తే, రెండో అంకె దాకా చూశానని నా పూచీ. ఆ సున్నా నా సంతకం రా! నీ 2.5లో నమ్మదగ్గ అంకెలు రెండు. లాగులో పాయింటు తర్వాతా రెండే. 3.60."

"మరి ముందున్న 3?"

"అది సెక్టారు నంబరు. పదికి ఎన్నో ఘాతంలో ఉన్నావో చెబుతుంది, అంతే. క్వార్టరు నంబరు పాయింటు తర్వాతే."

నాకు కాలేజీలో ఎవరూ ఇంత తేలిగ్గా చెప్పలేదు.

యాంటీలాగ్ రోజున గొంతు వీధి చివరికి వినిపిస్తుంది. పీహెచ్ 4.7 కొడితే క్యాలిక్యులేటర్ 1.995262315 × 10⁻⁵ చూపించింది. "పాయింటు తర్వాత ఉన్నది ఒక్క అంకె. పది తెచ్చావు. తొమ్మిది ఎక్కడ అప్పు చేశావు?" జవాబు 2 × 10⁻⁵, అంతే. "ఎంట్రన్సులో రెండు దశాంశాలు రాయమంటారు అంకుల్" అన్నాడొక అమాయకుడు. ఆ రాత్రి మాస్టారు మజ్జిగన్నం కూడా ముట్టలేదట.

తన దాకా వస్తే లెక్క వేరు. "నలభై ఏళ్ళ సర్వీసు నాది" అంటారు. "ముప్పై ఆరు" అని లోపల్నుంచి పిన్నిగారు. "ఒక్క అంకెకి సవరిస్తే నలభయ్యేనే!"

నిన్న నేనూ అక్కడే ఉన్నాను. "కాఫీ ఎంతసేపట్లో? సరిగ్గా చెప్పు" అని లోపలికి కేకేశారు.

"1.5."

నిమిషంన్నర అయింది. పది అయింది. పిల్లలు వెళ్ళిపోయారు. అరగంటకి పిన్నిగారు గ్లాసులతో వచ్చారు.

"ఇదా నీ ఒకటిన్నర?"

"నేను చెప్పింది లాగు. యాంటీలాగు మీరు తీసుకోవద్దూ?"

మాస్టారి పెదాలు కదిలాయి. 31.6... పాయింటు తర్వాత ఒక్క అంకె... అంటే ముప్పై. గడియారం చూసుకున్నారు. మాట్లాడకుండా గ్లాసు అందుకున్నారు.