ఫార్మా ఇంకా కాలేదు

వాడు సెలవులకు ధరూర్‌లో బస్సు దిగాడంటే దేశ వైద్య సంస్కరణ కూడా వాడితోపాటే దిగినట్టు. స్టెత్ మెడలో వేసుకోడు, అంత తెలివితక్కువవాడు కాదు. సంచి జిప్పు సగమే వేసి, గొట్టం బయటికి కనబడేలా తెస్తాడు. ఒకప్పుడు ఈ రకం మనిషి మన వైపు అరుదు. 2022లో వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో, 2024లో గద్వాలలో సర్కారు మెడికల్ కాలేజీలు తెరిచాక బాగా కనిపిస్తున్నాడు. ఊరంతా ‘డాక్టర్ సాబ్’ అంటుంది, వాళ్ళమ్మ తప్ప.

ఈ మధ్యే ఫస్టియర్ గట్టెక్కాడు. అంటే శవాన్ని కోశాడు, రోగి జోలికి ఇంకా పోలేదు. జూరాల డ్యాం దగ్గర చేపల ఫ్రై ముందు కూర్చోబెట్టండి, ముల్లు తీసుకోవడం కూడా మరిచి మాట్లాడతాడు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మన పాత మహబూబ్‌నగర్ ఒకటట. 2023 డిసెంబర్‌లో పరిమితి 10 లక్షలైందట. రోగాన్ని ముందే పట్టుకోవాల్సిన పీహెచ్‌సీని వదిలేసి, ముదిరాక ఆపరేషన్‌కు డబ్బు కట్టడమేమిటట. ఈ చివరి మాటలో న్యాయముంది, ఒప్పుకోవాలి.

అక్కణ్ణుంచి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం మీదికి దూకుతాడు. 2019లో ఆ బిల్లు మీద హైదరాబాద్‌లో జూనియర్ డాక్టర్లు రోడ్డెక్కినప్పుడు వీడు హైస్కూల్లో ఎక్కాలు తప్పుతున్నాడు. అయినా ముందు వరసలో తానే నిలబడ్డట్టు చెబుతాడు. 32వ సెక్షన్ దగ్గర గొంతు లేస్తుంది: ఎంబీబీఎస్ చదవనివాళ్ళకు ‘కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్’ అని పేరుపెట్టి మందులు రాసే లైసెన్సిస్తారా! పోయిన సెలవుల్లో వీడికి చలిజ్వరమొస్తే రాత్రిపూట వచ్చి సూది వేసింది ఆర్‌ఎంపీ. ఆ కేసు చర్చకు రాదు. చదువు చివర రాయాల్సిన ‘నెక్స్ట్’ పరీక్ష 2023లో వాయిదా పడింది గదా, ఆ ఒక్క సంస్కరణ మాత్రం నిదానంగా వస్తేనే దేశానికి మంచిదని వాడి నిశ్చితాభిప్రాయం.

ఇంట్లో కథ వేరు.

“నాయనా, మోకాలు గుంజుతున్నది. ఏదన్న గోలి చెప్పు.”

“ఫార్మా ఇంకా కాలేదవ్వా.”

“మరి ఏడాది సంది ఏం సదివినవ్ రా?”

“ఎముకలు.”

“మోకాల్ల ఉన్నది ఎముక గాదా?”

దీనికి వాడి దగ్గర సెక్షన్ లేదు. పెద్దనాయన ఇంకో ప్రశ్న వేస్తాడు: “సదువైనంక మన దవాఖానకే వస్తవా?” డాక్టర్ సాబ్ ఫోన్ వైపు చూస్తాడు. “ముందు వ్యవస్థ మారాలె పెద్దనాయనా. నాకు పీజీ కూడ కావాలె.”

మీ ఊరికీ ఇలాంటివాడు వస్తే వాదనకు దిగకండి. ఫస్టియర్ ఫిజియాలజీలో వాడికి బీపీ చూడడం నేర్పారు, అది నిజంగానే వచ్చు. మిషన్ చేతికిచ్చి, అరుగు మీద కూర్చోబెట్టి, నలభై దాటినవాళ్ళను వరసగా పంపండి. ఉపన్యాసం మాత్రం పట్టీ విప్పాకే మొదలుపెట్టమనండి. వినేవాళ్ళు మధ్యలో జవాబు చెబితే రీడింగు ఎక్కువ చూపిస్తుంది.