తూముపద్యము: టీకాతాత్పర్యసహితము

అవతారిక: అమెరికాయందలి మిన్నెసోటా వంటి సరస్సులసీమలోఁ గారు వెనుకఁ గట్టి యీడ్చుకొనిపోవు ఫైబరు పడవలకు అమరపుగోడ యడుగున అంగుళము మేర వెడల్పుగల తూమొకటి యుండును. ఒక సరస్సులోని నాచును, జీబ్రా మసెల్ అను గుల్లజీవిని వేఱొక సరస్సున కెక్కించుకొని పోకుండుటకై, బిరడా యూడఁదీసి నీరు విడిచిన పిదపనే పడవను రోడ్డెక్కింపవలెనని యా రాష్ట్రశాసనము. ఇట్లు తీయుచు బిగించుచు నుండఁగా మరచుట్లరిగి, లప్పము పగిలి, తూమునే మార్చవలసిన దినము వచ్చును. ఆ దినమున కుపకరించునది యీ యాటవెలది.

మూలము:
పాత తూముఁ దీసి పాత లప్పము గీకి
చెక్క నార్చి రెసినుఁ జేర్చి నింపి
కొత్త తూముఁ గూర్చి గుండ్రముగా లప్ప
మలఁది మరలఁ దిప్పి మడుఁగుఁ జొరుము

టీక: పాత తూమున్ + తీసి = గోడ చీలకుండ మెల్లగాఁ బెకలించి; పాత లప్పము + గీకి = ప్లాస్టిక్ బద్దతో గీకి ఎసిటోనుతోఁ దుడిచి; చెక్కన్ + ఆర్చి = ఫైబరు పొరల నడుమ నిమిడియున్న ప్లైవుడ్డు చెమ్మను పోఁగొట్టి; రెసినున్ + చేర్చి నింపి = పాత మరరంధ్రములను, కన్నపు లోయంచును ఎపాక్సీతో మూసి; కొత్త తూమున్ + కూర్చి = లప్పము లేకయే యొకసారి యమర్చి చూచి; లప్పము + అలఁది = పాలియూరిథేను సీలెంటును పూసి; మరలన్ + తిప్పి = స్క్రూలను బిగించి; మడుఁగున్ + చొరుము = సరస్సును బ్రవేశింపుము (పడవతో నని శేషము).

తాత్పర్యము: స్పష్టము. ఐనను స్పష్టమనుకొన్నవారి పడవలే మునుఁగుచున్నవి గనుక విశేషములు చెప్పఁబడుచున్నవి.

విశేషములు: "పాత" యని రెండుమార్లనుట పునరుక్తి గాదు. తూము క్షణములో నూడును. లప్పము పూఁట యెల్లఁ గీకినను మిగులును. అది సిలికోనైనచో, దాని జిడ్డుపై మఱి యే లప్పమును సరిగా నంటదు.

చెక్క ప్రస్తావన పద్యమునకు హృదయము. పడవలోనికిఁ గారిన నీరు కంటఁబడును. చెక్కలోని కింకిన నీరు మాత్రము గోడను లోలోనఁ గుళ్ళించి, యింజిను భారమున కది క్రుంగువఱకును దన యునికిని దెలుపదు.

తూము దేనితోఁ జేసినదో కవి చెప్పలేదు. మంచినీటికి నిత్తడి చాలును. ఉప్పునీట నందలి తుత్తునాగము పోయి, ఎఱ్ఱని బోలురాగి మిగులును గనుక నచటఁ గంచే శరణ్యము.

"మరలన్" అనుచోట "తిరిగి" యను నర్థము గ్రహించి, లప్పము గట్టిపడిన పిదప నింకొక చుట్టు బిగింపవలెనని కొందఱు వ్యాఖ్యానింతురు. అట్లు చేసినచో మరకాఁడను బట్టియున్న లప్పపుబంధము తెగునని యితరులు. మాకు రెండవ పక్షమే సమ్మతము. కాని మొదటనే బలముకొలఁది బిగించినచో లప్పమంతయు వెలికుఱికి, నడుమ నేమియు మిగులదని పూర్వపక్షులు చూపిన దోషము సత్యమే.

"లప్పము" పాదాంతమున నాఁగక తరువాతి పాదములోనికి సాగుట యతిభంగము గాదు. పూసిన వలయ మెచ్చటను దెగరాదని సూచన.

ఇఁక "తిప్పి" యను క్త్వార్థకము పూర్వకాలమును మాత్రమే చెప్పును గాని, యెంత పూర్వమో చెప్పదు. ఆ యనుక్తకాలములోనే పనియంతయు నున్నది. పాలియూరిథేను గాలిలోని చెమ్మను గ్రహించి గట్టిపడును. 3ఎం వారి 5200 అను లప్పము సంపూర్ణముగా గట్టిపడుటకు 5 మొదలు 7 దినములు పట్టును. తూమును మఱల నెన్నఁడైనఁ దీయఁదలఁచినవాఁడు, అంత మొండిగాఁ బట్టని 4200ను వాడుట మేలు. పైపొర వ్రేలి కంటకుండుటఁ జూచి యారినదని భ్రమపడి, మఱునాఁడే సరస్సునకుఁ బర్వెత్తువారు మొదటి పాదమునుండి మఱల నారంభింతురు.

తుదకొక సందేహము. తూమునుగూర్చి నాలుగు పాదములు వ్రాసిన కవి యందులో బిగింపవలసిన బిరడాను గూర్చి యొక్క మాటయు ననఁడేమి? అధ్యాహారమని పండితులు సమర్థింతురు. కాని రేవునఁ బడవను దింపి, పాదములు తడియుచుండఁగా జేబులు తడవుకొనువారిని జూచినవారు, కవి మఱచెననియే నిశ్చయింతురు.