కాళ్లు చూడరు, ఊరు అడగరు

శాంటా క్లారా తెలుగువాళ్లలో పక్షిశాస్త్రం ఈమధ్య బాగా ముదిరింది. ఇండియన్ గ్రోసరీ ముందు కారు ఆగగానే ఎదురుగా తెల్లటి పిట్ట ఒకటి వాలుతుంది. అయ్యగారు జేబులోంచి ఫోన్ తీసి ఫొటో కొట్టి, "సీగల్" అని తేల్చేస్తారు. "పాపం, సముద్రం మీంచి దారి తప్పి వచ్చినట్టుంది" అని అమ్మగారు నిట్టూరుస్తారు. సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపులో మూడో సిద్ధాంతం వెలువడుతుంది. ఇవి ఊళ్లోకొచ్చాయంటే తుఫానో సునామీయో ఖాయమట!

తుఫానూ లేదు, సునామీ లేదు. దారి తప్పింది పిట్ట కానే కాదు.

ముందు ఆ సముద్రం సంగతి చూద్దాం. శాంటా క్లారా నుంచి శాంటా క్రూజ్ బీచికి పోవాలంటే కొండలెక్కి దిగాలి, దాదాపు 50 కిలోమీటర్లు. అదే ఊళ్లోని లీవైస్ స్టేడియం నుంచి ఉత్తరంగా ఆల్విసోకి రెక్కలున్నవాళ్లకి ఐదు కిలోమీటర్లు కూడా లేదు. అక్కడ, శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం దక్షిణపు కొసన, చినగంజాం, నౌపడ వాళ్లకు చెప్పక్కర్లేని ఉప్పు మళ్లున్నాయి. మడికీ మడికీ మధ్య పొడి గట్లు. ఆ ప్రాంతంలో సీగల్ జాతుల్లో ఒకటైన కాలిఫోర్నియా గల్ గూళ్లు పెట్టడం 1980 ప్రాంతంలో మొదలైంది. అప్పుడు పట్టుమని పాతిక పక్షులు లేవు. 2010 దాటాక లెక్క 50 వేల దరిదాపులకు చేరింది. హెచ్-1బి వీసాకు పుట్టుక ఇచ్చిన చట్టమేమో 1990 నాటిది. ఇక పార్కింగ్ లాట్‌లో ఎవరు ఎవర్ని "ఎక్కణ్ణుంచి వచ్చావు?" అని అడగాలో పెద్దలే నిర్ణయించాలి.

ఇంత సంతానం గాలి భోంచేసి పెరగలేదు. దగ్గర్లోనే న్యూబీ ఐలాండ్ అనే పెద్ద చెత్తదిబ్బ ఉంది. వారాంతపు విందుల్లో మిగిలి పారేసిన అన్నం, నాన్ ముక్కలు, ఎముకలు చివరికి చేరేది అలాంటి దిబ్బలకే. వాటికి ఈ పిట్ట శాశ్వత అతిథి. అది తిని ఊరుకుంటుందా అంటే అదీ లేదు. అదే మళ్ల దగ్గర గూడు పెట్టే స్నోయీ ప్లోవర్ అనే పిడికెడు పిట్ట ముప్పున్న జాతిగా 1993లోనే సర్కారు జాబితాకెక్కింది. దాని కూనల్ని గల్ గుటుక్కున మింగుతుంది. "పాపం" అన్న మాట ఖర్చు చేయాల్సింది ఎవరి మీదో అమ్మగారు మరోసారి ఆలోచించుకోవాలి.

2003లో ప్రభుత్వాలు కార్గిల్ ఉప్పు కంపెనీ నుంచి 15,100 ఎకరాల మళ్లు కొని, మళ్లీ చిత్తడినేలలుగా మార్చే పని చేపట్టాయి. అందులో భాగంగా 2010 డిసెంబరులో ఏ-6 అనే మడి గట్టు తెంచి నీళ్లు వదిలారు. అప్పటికి అక్కడి గల్‌లకు అతిపెద్ద కాలనీ అదే. అవి సముద్రానికి పోయాయా? పక్క గట్ల మీదికి మారాయి, అంతే.

ఇక ఆ ఫోన్ విద్య. ఫోన్‌ది పాపం తప్పేం లేదు. కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ల మెర్లిన్ యాప్ ఎక్కడ చూశారు, ఏ తేదీన చూశారు అని అడుగుతుంది. జవాబు చెప్పే తీరిక అయ్యగారికి ఉంటేగా! కాసేపు ఫోన్ దించి కాళ్లు చూస్తే చాలు. గులాబీ రంగు కాళ్లు, బొగ్గులా ముదురు వీపు ఉంటే అది వెస్టర్న్ గల్, అసలుసిసలు తీరవాసి. ఫారలాన్ దీవుల్లో దానికి పెద్ద కాపురం. కాళ్లు పసుపుపచ్చగా ఉండి, ముక్కు చివర ఎరుపూ నలుపూ రెండు మచ్చలుండి, కన్ను నల్లగా ఉంటే కాలిఫోర్నియా గల్. కాళ్లు పసుపే అయినా ముక్కు చుట్టూ నల్ల పట్టీ, లేత పసుపు కన్ను, కాస్త చిన్న ఒళ్లు ఉంటే రింగ్‌బిల్డ్ గల్. కాలిఫోర్నియా గల్‌కు పెద్ద రంగు రావడానికి నాలుగేళ్లు పడుతుంది. అందాకా గోధుమరంగు మచ్చలతో తిరిగే దాని పిల్లను చూసి "ఇది గద్ద" అని వాదించే పండితులూ ఉన్నారు.

"సముద్రపు పక్షి" అనే బిరుదు కూడా పరిశీలించాల్సిందే. సముద్రం ఛాయలే లేని యూటా రాష్ట్రానికి రాష్ట్రపక్షి ఈ కాలిఫోర్నియా గల్లే. సాల్ట్ లేక్ సిటీలో 1913లో దానికి స్మారకం కూడా కట్టారు. సియెర్రా నెవాడా కొండల తూర్పున మోనో సరస్సులో దానికి పేరున్న కాలనీ ఉంది. ఆ మాటకొస్తే, విశాఖ బీచిలోనో పులికాట్‌లోనో చలికాలం కనిపించే బ్రౌన్‌హెడెడ్ గల్ పుట్టిల్లు లదాఖ్, టిబెట్ సరస్సులు. దాన్నీ మనవాళ్లు బంగాళాఖాతం బిడ్డే అనుకుంటారు.

మే నెలలో ఆల్విసో మెరీనా పార్కు దగ్గర గట్టు వెంట నడిస్తే ఈ వాదమంతా అక్కర్లేదు; గల్‌ల అరుపులే అడ్రసు చెబుతాయి. బైనాక్యులర్స్ తీసుకెళ్లండి, ఫోన్ కారులో వదిలేయండి. అపార్ట్‌మెంట్ కప్పు మీది గూడు తీయించమని ఆఫీసుకు ఈమెయిల్ రాయబోతున్నవారికి ఒక్క మాట: 1918 నాటి వలసపక్షుల చట్టం ఇంకా అమల్లోనే ఉంది, గుడ్లున్న గూటిని అనుమతి లేకుండా నాశనం చేస్తే నేరం.