నల్లకోటులో నల్లమలకు

పిలిచినవాళ్లు పెట్టిన షరతుల్లో ఒక్కటీ తప్పకుండా ముస్తాబై వచ్చిన అతిథి ఎవరంటే అహోబిలంలో ఒకే పేరు వినిపిస్తుంది. హిరణ్యకశిపుడు పుచ్చుకున్న వరంలో నిబంధనలు తక్కువేమీ కాదు. వచ్చేవాడు మనిషి కాకూడదు, మృగమూ కాకూడదు. పగలు రాకూడదు, రాత్రీ రాకూడదు. ఇంట్లో కాదు, బయటా కాదు. ఆయుధం అసలే కూడదు. మామూలు మనిషికి ఇలాంటి శుభలేఖ వస్తే ఒంట్లో బాగాలేదని కబురు పెట్టి ఊరుకుంటాడు. నరసింహస్వామి అలా చేయలేదు. తల సింహానిది, ఒళ్లు మనిషిది, వేళ సంధ్య, చోటు గడప, చేతికి గోళ్లు తప్ప మరేమీ లేవు. ఆయన చీల్చుకుని వచ్చిన స్తంభమంటూ ఎగువ అహోబిలం కొండల్లో ఉగ్రస్తంభాన్ని ఇప్పటికీ చూపిస్తారు.

అలాంటి ఊరికి ఒక మే నెలలో పెళ్లికని బయల్దేరిన ఈ రచయిత శుభలేఖలో భోజనాల వేళ తప్ప ఇంకేమీ చదవలేదు. ఆఫీసులో ఎవరో పెద్దాయన పదవీ విరమణకని కుట్టించిన నల్లకోటు బీరువాలో ఊరికే వేలాడుతోంది. పెళ్లికి కోటు వేసుకుంటే తప్పేముందని వేసుకున్నారు. లోపల తెల్లచొక్కా. ఆళ్లగడ్డలో బస్సు దిగేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది. అక్కణ్నుంచి దిగువ అహోబిలం పాతిక కిలోమీటర్లు. ఆటో దిగేసరికి కోటు కూడా అంటుకుంది. నంద్యాల సీమలో ఆ నెలలో పాదరసం 44 దగ్గర ఆగితే, ఈరోజు పర్వాలేదప్పా, చల్లగానే ఉంది అనుకుంటారు.

పందిట్లోకి అడుగు పెట్టగానే భార్య తరఫు చిన్నమామ ఎదురొచ్చారు. గంజిపెట్టి ఇస్తిరి చేసిన తెల్లపంచె, తెల్లంగి, భుజాన తువ్వాల. అల్లుణ్ని కిందినుంచి పైదాకా ఒకసారి చూసి, "ఏం అల్లుడా, పెండ్లికొచ్చినావా, జామీనుకొచ్చినావా?" అన్నారు.

ఆ మాట హాస్యమనుకున్నారు గానీ, పావుగంటలో అది నిజమైంది. ఒక పెద్దాయన పక్కన కూర్చుని, పాలు పంచుకున్న పొలంలో గట్టు జరిపితే ఏ సెక్షను కిందికి వస్తుందని అడిగారు. ఇంకొకాయన స్టే వెకేట్ కావడానికి ఎన్నాళ్లు పడుతుందన్నారు. మూడో ఆయన నేరుగా కాగితాలే తెచ్చారు. తాను వకీలు కానని చెప్పబోతే, "ఫీజు సంగతి తరువాత మాట్లాడుకుందాం లే సారూ" అని సర్దిచెప్పారు. అసలు వకీళ్లకే ఈ బాధ తప్పింది. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం ఎండాకాలంలో సుప్రీంకోర్టులో, హైకోర్టుల్లో తప్ప మిగతాచోట్ల నల్లకోటు తప్పనిసరి కాదు. అంటే ఆ రోజు ఆ చుట్టుపక్కల చట్టం అడగకపోయినా కోటు వేసుకుని తిరిగిన మనిషి బహుశా ఈ రచయిత ఒక్కరే.

సీమకు కోటుతో పరిచయం లేదని కాదు. 1800లో దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో కోటూ టోపీలతోనే ఏడేళ్లు ఈ ఎండలో తిరిగాడు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు దర్శనమిచ్చి మాట్లాడారని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆ కథలో కూడా మన్రో చేసిన మొదటి పని టోపీ తీయడం, బూట్లు విప్పడం. 1921 సెప్టెంబరు 22న గాంధీగారు మదురైలో చొక్కా, టోపీ వదిలేసి కొల్లాయికి మారితే, ఆ నెల తిరక్కుండానే కడప, కర్నూలు జనం ఆయన్ని ఆ కొత్త వేషంలో చూశారు. పదేళ్ల తర్వాత అదే వేషంలో లండన్‌లో రాజుగారింటికి తేనీటికి వెళ్లారు. నంద్యాల నుంచి 1991 ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభకు వెళ్లిన ప్రధాని పేరే నరసింహారావు. అహోబిలం ఉన్న ఆళ్లగడ్డ ఆయన నియోజకవర్గంలోదే. ఇంట్లో ఉన్నప్పుడు పంచె, ఉత్తరీయం. పరాయి దేశం వెళ్తే మెడదాకా గుండీలున్న బంద్‌గలా. పేరు పెట్టినవాళ్లు స్వామి లక్షణం కూడా కొంచెం చూసుకునే పెట్టారేమో.

ఎందుకంటే ఈ కొండల్లో స్వామి ఒకే వేషంలో ఉండడు. తొమ్మిది చోట్ల తొమ్మిది రకాలు. జ్వాలా నరసింహుడై పేగులు చీలుస్తాడు. మాలోలుడై లక్ష్మిని పక్కన కూర్చోబెట్టుకుని, అంతకుముందు కోపమన్నది ఎరగనట్టు ఉంటాడు. కానుగచెట్టు కింద కారంజ నరసింహుడికి చేతిలో విల్లు. యోగానందుడు మోకాళ్లకు యోగపట్టం బిగించి కూర్చుంటాడు. ఛత్రవట నరసింహుడైతే మర్రి నీడన హాహా హూహూ అనే గంధర్వుల పాట వింటూ తాళం వేస్తుంటాడు. రాక్షస సంహారానికి వేసుకున్న ముఖం పాటకచేరీకి వేసుకోడు. ఆఫీసు కోటుతో పెళ్లికొచ్చినవాడికి ఈ వరసంతా విన్నాక కాస్త సిగ్గేసింది.

ముహూర్తం అయింది, భోజనాలయ్యాయి. ఎవరూ చెప్పకుండానే అందరూ పైకి బయల్దేరారు. ఎగువ అహోబిలం ఎనిమిది కిలోమీటర్లు, అంతవరకు వాహనాలు పోతాయి. అక్కణ్నుంచి జ్వాలా నరసింహుడి దగ్గరికి భవనాశి వెంట రాళ్లమీద నడకే. ఈ రచయిత కాళ్లకు మెరుగుపెట్టిన తోలు బూట్లు. కోటు చేతిమీద. పట్టుచీర కట్టుకున్న భార్య పరిస్థితి ఇంకా ఘోరంగా ఉంటుందని ఆశపడి వెనక్కి చూశారు. ఆమె అప్పటికే జీపులో నూలుచీరలోకి మారిపోయి, గుడ్డబూట్లు తొడుక్కుని ముందు నడుస్తోంది. అవి ఎప్పుడు సంచిలో పెట్టిందని అడిగితే, "మీరు అడగలేదు కదా" అంది.

"పంచె లేకుంటే ఎట్ల అల్లుడా" అని చిన్నమామ ఒక అంగట్లో కొనిపించారు. కట్టడం రానివాళ్ల కోసం వచ్చిన వెల్‌క్రో పంచె అది. తిరుమలలో ఆర్జిత సేవలకు మగవాళ్లకు పంచె లేదా కుర్తా పైజమా, ఆడవాళ్లకు చీర, లంగాఓణీ లేదా చున్నీతో చుడీదార్ అనే నియమం ఉండటంతో, ఇలాంటి సరుకు కొండ కింద ఎక్కడైనా దొరుకుతుంది. నిజానికి ఈ పంచె పుట్టింది స్విట్జర్లాండ్ అడవిలో. 1941లో జార్జ్ ద మెస్త్రాల్ అనే ఇంజనీరు వేటకెళ్లి వస్తే, ఆయన గుడ్డలకూ కుక్క బొచ్చుకూ ముళ్లకాయలు అంటుకుపోయి వచ్చాయి. అవి ఎందుకంత గట్టిగా అంటుకుంటాయో సూక్ష్మదర్శిని కింద చూసి వెల్‌క్రో కనిపెట్టాడు. అలాంటి ముళ్లకాయలు నల్లమల జనానికి యుగాలుగా అంటుకుంటూనే ఉన్నా, పీకి పారేశారే తప్ప పంచెకు పనికొస్తాయని ఎవరికీ తోచలేదు.

తోచకపోవడమే మంచిదైంది. జలపాతం దగ్గర ఒక రాయి మీంచి ఇంకో రాయి మీదికి అంగ వేయగానే చర్రుమని శబ్దం వచ్చింది. కోతులు కూడా తిరిగి చూశాయి. లోపల ప్యాంటు ఉంది కాబట్టి పరువు సగమే పోయింది. చిన్నమామ వెనక్కి వచ్చి ఆ అంచును పైకెత్తి చూసి, "దీనికి బీగం గూడ ఇయ్యలేదా?" అని అడిగి, తన భుజమ్మీది తువ్వాల తీసి అల్లుడి నడుముకు బిగించారు. పొద్దుట్నుంచీ ఆ తువ్వాల చేసిన చాకిరీ చూస్తే దానికి జీతం ఇవ్వాలి. పందిట్లో విసనకర్ర, విస్తరి దగ్గర చేతిగుడ్డ, ఎండలో తలపాగా, బండమీద చాప. ఇప్పుడు మొలతాడు. ఆయన పంచె కూడా అంతే. ఎక్కేటప్పుడు మోకాళ్ల పైకి ఎగ్గట్టినది గుడి కనబడగానే ఒక్క విసురుతో పాదాల మీదికి జారింది. గుడ్డ మార్చకుండా వేషం మార్చడమంటే అదీ.

ఇదే పంచె ఇంకా పెద్ద సభలకూ వెళ్లింది. స్టాక్‌హోమ్ నోబెల్ సభలో మగవాళ్లకు తోకకోటూ తెల్ల బో టై నియమం. కాదంటే ఎవరి దేశపు దుస్తులు వారు వేసుకోవచ్చు. ఆ వెసులుబాటుతో 2019లో అభిజిత్ బెనర్జీ పంచె కట్టుకుని వెళ్లి, స్వీడన్ రాజు చేతులమీదుగా బహుమతి అందుకున్నారు. ఈ సంగతి చిన్నమామకు చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు. "మరేం కట్టుకుంటాడు?" అన్నారు.

పిలుపుల మాటకొస్తే, ఏటా కనుమ నుంచి స్వామి పారువేటకు బయల్దేరుతాడు. జ్వాలా నరసింహుడు, ప్రహ్లాదవరదుడు ఒకే పల్లకిలో నలభై రోజులకు పైగా ముప్పైకి మించిన ఊళ్లు తిరిగి, ఫాల్గుణంలో జరిగే తమ పెళ్లికి జనాన్ని స్వయంగా పిలుస్తారు. చెంచులక్ష్మిని చేసుకున్నాడు కాబట్టి చెంచులకు ఆయన ఇంటి అల్లుడే. అంత పెద్ద పిలుపులో ఎక్కడా ఫలానా గుడ్డలు కట్టుకు రమ్మన్న మాట ఉండదు.

ఆ మాట ఉన్న పిలుపు తర్వాత ఏడాది హైదరాబాదులో వచ్చింది. చుట్టాలబ్బాయి రిసెప్షను, పెద్ద హోటల్లో. కార్డు కింద చిన్న అక్షరాల్లో 'స్మార్ట్ క్యాజువల్స్' అని ఉంది. చిన్నమామ ఊరినుంచి ఫోను చేసి దానర్థమేమని అడిగారు. రచయిత ఐదు నిమిషాలు వివరించారు. టై వద్దు గానీ మరీ టై లేనట్టూ ఉండకూడదు, కొత్తవే వేసుకోవాలి గానీ కొత్తవని తెలియకూడదు, అని. అవతల కాసేపు చప్పుడు లేదు. "సరే అల్లుడా, నాకు తెలిసినట్ల వస్తా" అని పెట్టేశారు.

ఆయన తెల్లపంచె, తెల్లంగి, తువ్వాలతో దిగారు. తెలుగునాట ఆ వేషానికి ఉన్న అర్థం వేరు. డాక్టరు చదివిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2003లో పంచెకట్టుతో పాదయాత్ర చేశాక, సీమ యాసకు పంచె తోడైతే దాని వెనక కనీసం నాలుగు కార్లు ఉంటాయని నగరంలో అందరూ నమ్ముతారు. ద్వారం దగ్గర కాపలావాడు రెండు తలుపులూ తెరిచి సెల్యూట్ కొట్టాడు. మేనేజరు పరుగున వచ్చి, "నమస్తే సర్, మీ వాళ్లు ఎంతమంది సర్?" అన్నాడు. చిన్నమామ లెక్కపెట్టుకుని, ఒక్కడే అని వెనక్కి చెయ్యి చూపించారు.

వెనక ఈ రచయిత ఉన్నారు. కాలరున్న టీషర్టు, జీన్సు, చేతిలో కారు తాళం. కార్డులో రాసింది రాసినట్టే పాటించారు, చాలా శ్రద్ధగా. కాపలావాడు మర్యాదగానే చెప్పాడు: "డ్రైవర్లకు భోజనం కింద సెల్లార్‌లో అన్నా."