గొంతు మండిన రోజులే నయం

మా రోజుల్లో పొగాకు పొగాకు వాసనే వచ్చేది. రేణిగుంట జంక్షన్లో గుంతకల్లు వైపు నుంచి వచ్చి గూడూరు బండి కోసం కాచుకొని కూర్చున్న జనంలో ఎవరిది చుట్ట, ఎవరిది బీడీ, ఎవరిది సిగరెట్టు అన్నది కళ్లు మూసుకొని చెప్పేవాళ్లం. ఇప్పుడు నలభై ఏళ్ల మగాడు పక్కన నిలబడితే మామిడిపండు వాసన, పుదీనా వాసన. తిరిగి చూస్తే చేతిలో పండూ లేదు, ఆకూ లేదు. పిడికిట్లో పెన్‌డ్రైవ్ ఆకారంలో ఏదో ఉంటుంది.

మా తమ్ముడి కొడుకు చెన్నైలో ఎవరి దగ్గరో అలాంటిదే కొనుక్కొచ్చినాడు. "పెదనాయనా, ఇది పొగ గాదు, ఉత్త ఆవిరే. సిగరెట్టు మానెయ్యాలనే తెచ్చుకున్న్యా" అన్నాడు. మానాలన్న బుద్ధి పుట్టినందుకు సంతోషించినా. "అయితే దాంట్లో నికోటిన్ ఎంతుండాదిరా? ఏ రకం?" అనడిగితే వాడికి తెలీదు. "రుచి మాత్రం బాగుండాది" అన్నాడు. నా కోపమంతా ఆ మాట మీదే.

మా నాయన చుట్ట తాగేవాడు. పొగ నోట్లో నిలుపుకొని వదిలేసేవాడే గానీ లోపలికి మింగేవాడు కాదు. మింగితే దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. దానికి కారణముంది. గాలికి ఆరబెట్టిన చుట్టాకు పొగలో క్షారగుణం ఎక్కువ. అందులో నికోటిన్ విడిగా ఉంటుంది. నోటి పొరల్లోంచే ఒంటికెక్కుతుంది, గొంతుకు మాత్రం నిప్పులా తగులుతుంది. 1920ల్లో గుంటూరు వైపు వర్జీనియా పొగాకు వచ్చింది. దాన్ని బ్యారన్లలో వేడితో ఆరబెడతారు. ఆ ఆకులో చక్కెర నిలిచిపోతుంది, పొగకు ఆమ్లగుణం వస్తుంది, నికోటిన్ లవణంగా మారి గొంతులో సాఫీగా జారుతుంది. అందుకే సిగరెట్టు పొగను ఊపిరితిత్తుల దాకా లాగగలిగినారు. అక్కడినుంచి మెదడుకు చేరడానికి కొన్ని సెకన్లు చాలు. చుట్టను సిగరెట్టు ఓడించింది సోకుతో ఒక్కటే కాదు, ఈ మెత్తదనంతో కూడా.

ఇప్పుడు ఆ పాత కిటుకునే ఇంకో మెట్టు ఎక్కించినారు. ఈ-సిగరెట్టును చైనాలో 2003 ప్రాంతంలో కనిపెట్టినారు. మొదట్లో వచ్చిన ద్రవాల్లో నికోటిన్ విడి రూపంలోనే ఉండేది. బలం పెంచితే గొంతు మండేది, మనిషి తనంతట తనే ఆగేవాడు. 2015లో అమెరికాలో జూల్ అనేది వచ్చింది. నికోటిన్‌కు బెంజోయిక్ ఆమ్లం కలిపి లవణం చేసినారు. మిల్లీలీటరుకు 59 మిల్లీగ్రాముల దాకా బలం పెట్టినా మంట తెలియదు. యూరప్ దేశాలు 20కి మించకూడదని గీత గీసినాయి. గొంతు మంటంటే రైల్వే గేటు లాంటిది. దాన్ని పీకేసి, బండి రాదులే దాటుకోండి అంటే ఎట్ల?

పైగా ఈ రుచులు. పుదీనా చల్లదనం ఉన్న కాస్త మంటనూ అణిచేస్తుంది, పండు తీపి ఘాటును కప్పేస్తుంది. నోటికి తినడానికి పనికొచ్చిన రుచి ఊపిరికి పనికొస్తుందని ఎవరు చెప్పినారు? అమెరికాలో మిస్సోరి రాష్ట్రం జాస్పర్ అనే ఊళ్లో పాప్‌కార్న్ తయారుచేసే పనివాళ్లకు వెన్న రుచినిచ్చే డయాసిటైల్ ఆవిరి పీల్చి ఊపిరితిత్తులు చెడిపోయిన సంగతి 2000లో బయటపడింది. తిన్నవాళ్లకు ఏమీ కాలేదు, పీల్చినవాళ్లకే అయ్యింది. ఇంకోటి, మావాడు చెప్పే "ఆవిరి" నీటావిరి కాదు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, రుచి ద్రవ్యాలు, నికోటిన్ కలిసిన సన్నటి తుంపర అది.

న్యాయం మాట్లాడాలంటే, కాలిన ఆకులో ఉండే తారు, కార్బన్ మోనాక్సైడ్ బెడద దీంట్లో దాదాపు లేదు. 2019లో ఇంగ్లండ్‌లో మానాలనుకున్న పెద్దవాళ్ల మీదే పెద్ద పరీక్ష చేసినారు. ఏడాది తర్వాత సిగరెట్టు వదిలేసినవాళ్లు ఈ-సిగరెట్టు ఇచ్చిన గుంపులో 18 శాతం, గమ్ము, ప్యాచ్ లాంటివి ఇచ్చిన గుంపులో 9.9 శాతం. ఆ మాట నేను కాదనను. కానీ అట్ల వదిలేసినవాళ్లలో నూటికి ఎనభైమంది ఏడాది తర్వాత కూడా ఆ సాధనాన్ని పట్టుకొనే ఉన్నారు. గమ్ము గుంపులో వదిలేసినవాళ్లలో అలా మందునే పట్టుకున్నవాళ్లు తొమ్మిది శాతమే. తక్కువ బలం తీసుకుంటే మంచిదనుకుంటారేమో, అదీ పూర్తిగా నిజం కాదు. అలవాటు పడిన ఒళ్లు తన లెక్క తను రాబట్టుకుంటుంది. బలం తగ్గితే ఎక్కువసార్లు, ఎక్కువసేపు పీలుస్తారు. అట్ల పీల్చిన కొద్దీ వేడికి చెడిన ద్రవాల్లోంచి పుట్టే ఫార్మాల్డిహైడ్ లోపలికి ఎక్కువగా పోతుంది.

యూరప్‌లో బలం మీద హద్దుంది, సీసా మీద అంకె ఉంది. మన దేశంలో ఈ-సిగరెట్టును నిషేధిస్తూ 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు వచ్చింది, డిసెంబరులో చట్టమైంది. తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ అన్నీ నేరమే. మొదటిసారి అమ్ముతూ పట్టుబడితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం వచ్చినా సరుకు చాటుగా వస్తూనే ఉంది. చాటు సరుకు మీద రాసిన అంకెను ఎవరు నమ్మాలి? విడి నికోటినో, లవణమో, యాభైనో, ఇరవయ్యో, తాగేవాడికి తెలియదు, అమ్మేవాడికీ తెలియదు. మా రోజుల్లో పెట్టె తెరిస్తే ఎన్ని ఊదినామో లెక్క తెలిసేది. బీడీ అయితే గట్టిగా లాగకపోతే ఆరిపోయేది, తాగడానికే ఓపిక కావాల్సొచ్చేది. దీనికి ఆరడమే లేదు. మంచం మీద, బాత్రూములో, బిడ్డ పక్కన, ఎప్పుడంటే అప్పుడు రెండు పీల్పులు.

మావాడి సంగతి చూస్తే ఇంకా బాధ. ఇంట్లో ఇది, డ్యూటీలో టీ బంకు దగ్గర సిగరెట్టు. మానడం పోయి రెండూ అయినాయి.

వాడికి నేను చెప్పింది ఇదే. నికోటిన్ గమ్ము మందుల షాపులో దొరుకుతుంది, 2 మిల్లీగ్రాములని దాని మీదే రాసుంటుంది. ఎన్ని నమలాలో, ఎప్పుడు తగ్గించాలో డాక్టరు చెప్తాడు. నువ్వు కొనే సిగరెట్టు పెట్టె మీదే మానడానికి సాయం చేసే నంబరు అచ్చేసుంటారు: 1800-11-2356. డబ్బు ఖర్చు లేదు. ఈ పొద్దు డ్యూటీకి పోకముందే ఫోన్ చెయ్యి, నేను పక్కనే కూర్చుంటా.