ఒక డబ్బా తూటాలు: సటీకా తాత్పర్యము

మూలము

ఒక్క డబ్బాయె కాల్చి నే నొచ్చువాడ
చిన్న తూటాకు చప్పుడే చిటికెయంత
భుజము నొవ్వదు జేబుకు బొక్కపడదు
అలుక మాని నీవును రావె యంబుజాక్షి

అవతారిక: టెక్సాసులో, డాలస్ శివారున కాపురమున్న ఒకానొక తెలుగు నాయకుడు శనివారం పొద్దున్నే రైఫిల్ సంచీకి జిప్పు వేస్తూ, పొయ్యి దగ్గర దోసె తిరగేస్తున్న నాయికతో పలికినది. ఈమెను ఖండిత అన్నవారున్నారు. పొసగదు. ఇక్కడ సవతి కొయ్యా ఉక్కూ కలిపి మూడు కిలోలకు మించని వస్తువు. కలహాంతరిత అసలే కాదు. పశ్చాత్తాపం ఆమె వైపు ఎక్కడా కనబడదు.

ప్రతిపదార్థము

ఒక్క = సంఖ్యావాచకమే, సంఖ్యానియమం మాత్రం లేదు; డబ్బాయె = యాభై తూటాల అట్టపెట్టె మాత్రమే. ఇలాంటివి పది పేరిస్తే ఐదువందల తూటాల 'ఇటుక' అవుతుంది. సంచీలోకి వెళ్లింది ఇటుకేనని నా అనుమానం. జాత్యేకవచనమని నాయకుణ్ణి సమర్థించవచ్చు, నాయిక ఒప్పుకుంటే.

నే నొచ్చువాడ = నేను తిరిగి వచ్చేస్తాను. 'నేను నొచ్చుకుంటాను' అని శ్లేష. మూడో పాదంలో భుజం నొవ్వదని చెప్పాడు గదా, మరి నొచ్చేదేమిటని అడిగితే, అభిమానం. పెద్ద రైఫిల్ భుజాన్ని గుద్దుతుంది. ఆ గుద్దుకు జడిసి వేలు కదలకముందే కన్ను మూసుకుంటుంది, గురి తప్పితే నింద దానిమీదికి పోతుంది. దీనికి ఆ గుద్దు లేదు. తప్పితే ఊపిరి బిగబట్టడం రాలేదనో, ట్రిగ్గర్ మెల్లగా నొక్కక గుంజాననో ఒప్పుకోవాల్సిందే. ఈ రైఫిల్ సుఖమంతా ఈ ఇబ్బందిలోనే ఉంది.

చిన్న తూటాకు = పాయింట్ టూటూ లాంగ్ రైఫిల్ అనే రిమ్‌ఫైర్ తూటాకు. పెద్ద తూటాలకు మందు రాజేసే ప్రైమర్ అడుగున నట్టనడుమ విడిగా బిగించి ఉంటుంది. దీనికి ఆ రసాయనం ఇత్తడి గొట్టపు అంచు మడతలోనే దాగి ఉంటుంది. ఫైరింగ్ పిన్ను అంచును నలిపితే చాలు, అంటుకుంటుంది. నలిగిన అంచు మళ్లీ పనికిరాదు, ఊడ్చి పారేయడమే. 1845లో ఫ్రాన్సులో ఫ్లోబేర్ అనే ఆయన, ఇంటి హాల్లోనే గురి చూసి ఆడుకునేందుకు చేసిన చిట్టి తూటా దీనికి ముత్తాత. ఇప్పటి రూపం 1887లో అమెరికాలో స్టీవెన్స్ కంపెనీ తెచ్చింది. సీసపు గుండు బరువు సాధారణంగా రెండున్నర గ్రాములు.

'చిన్న' అనడం వ్యాజస్తుతి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలె కాంస్యం గెలిచింది ఈ తూటాతోనే. యాభై మీటర్ల అవతల ఆ లక్ష్యంలో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. చిన్నదే గదా అని ఏమరకూడదు. గుండు మైలు దాటి పోగలదు. వెనక మట్టికట్ట లేని చోట కాల్చేవాణ్ణి నాయకుడనరాదని నా మతం.

చప్పుడే చిటికెయంత = అతిశయోక్తి. గుండు వేగం ధ్వనివేగానికి, అంటే సెకనుకు సుమారు 340 మీటర్లకు, లోపల ఉంటే 'టప్' మంటుంది, దాటితే 'ఛట్' మంటుంది. రెంటికీ చెవులకు మఫ్‌లు పెట్టుకోవాల్సిందే.

జేబుకు బొక్కపడదు = పెద్ద తూటాల ఖరీదుతో పోలిస్తే. ఈ మాటే కాలనిర్ణయానికి ఆధారం. 2013లో అమెరికా దుకాణాల్లో ఈ తూటాలు దొరకక జనం తెల్లవారకుండానే వరుసల్లో నిలబడ్డారు. కనుక పద్యం ఆ ఏటిది కాజాలదు.

విశేషము: రైఫిల్ ఏ రకమో కవి చెప్పలేదు, ధ్వనింపజేశాడు. వరసగా పేలే సెమీ ఆటోమేటిక్ అయితే డబ్బా పదినిమిషాల్లో ఖాళీ. అలక దాకా పోదు. కాబట్టి ఇది బోల్ట్ రకం. పిడి పైకెత్తి వెనక్కి లాగితే ఖాళీ గొట్టం ఎగిరి బల్లమీద పడుతుంది. ముందుకు తోసి దించితే కొత్తది లోపలికి పోతుంది. ప్రతి గుండుకూ ఇంత తతంగం, మధ్యలో దుర్భిణితో కాగితం మీది చిల్లు వెతుక్కోవడం. కాలేజీ ఎన్.సి.సి.లో నేలమీద బోర్లా పడుకుని ఇదే తూటా కాల్చిన నాయకుడికి, ఇన్నేళ్లకు అడిగినన్ని తూటాలు, కేకలేసే హవల్దారు లేడు!

తాత్పర్యము: మధ్యాహ్నం భోజనానికి రానని భావం.

పాఠాంతరము: 'నీవును రావె' అన్నచోట 'నీవును రాకు' అని ఒక ప్రతిలో ఉన్నది. ఇది నిలవదు. ఉత్వసంధి నిత్యం గనుక 'రాకంబుజాక్షి' అయి గణభంగమవుతుంది. అయినా ఈ పాఠం ఎందుకు పుట్టిందో తెలుస్తూనే ఉన్నది. నాయిక ఒక శనివారం దోసెల పెనం దించి వెంట వెళ్లింది. పాతిక గజాల దూరాన ఆమె కాల్చిన ఐదు చిల్లులూ ఒక్క క్వార్టర్ బిళ్ల కింద దాగాయి. దిద్దుబాటు నాయకుడి దస్తూరీలోనే ఉన్నది.