నిర్మాతగారి చేప ఊరికే చావదు

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర్నుంచి ఫిల్మ్‌నగర్ దాకా ఉన్న సినిమా ఆఫీసుల్లో ఒక రకం నిర్మాతగారు తగులుతారు. గుమ్మం దాటగానే దేవుడి పటం, దాని పక్కన వందరోజుల షీల్డులు, ఈశాన్యం మూల ఆరడుగుల అక్వేరియం. అందులోని చేప పేరడిగితే ధర చెబుతారు. వయసడిగితే ఎవరు బహూకరించారో చెబుతారు. ఏం తింటుందంటే ఆఫీస్ బాయ్‌ని కేకేస్తారు. అంతమాత్రాన ఆయనకు చేపంటే ప్రేమ లేదనడం అన్యాయం. కథ చెప్పడానికొచ్చిన కుర్ర దర్శకుడు సెకండాఫ్‌లో చెమటలు కక్కుతుంటే ఆయన చూపంతా తొట్టి మీదే ఉంటుంది. డబ్బుకూ లోటు లేదు. అయినా ఆ తొట్టిలో చేప బతికి బట్టకట్టదు. కారణం ఒక్కటే అని నా వాదన: చేప చచ్చిపోవడం ఆయనకు శుభవార్త.

యజమానికి రావలసిన గండాన్ని చేప తన మీద వేసుకుని పోతుందని ఒక నమ్మకం ఉంది కదా. చైనా ఫెంగ్‌షుయ్ మన వాస్తుతో వియ్యమందాక అది బాగా బలిసింది. ఎనిమిది బంగారు చేపలు, ఒక నల్లచేప వెయ్యాలి. నల్లది పోతే దిష్టి పోయినట్టు. ఈ లెక్కన ఆయన ఆఫీసులో అమ్మోనియా వల్ల చచ్చిన చేప ఒక్కటీ లేదు. అన్నీ ఫైనాన్షియర్లకూ ఇన్‌కంటాక్స్ వాళ్లకూ అడ్డం పడి వీరమరణం పొందినవే. అసలు జరిగేది చాలా మామూలు సంగతి. చేప మొప్పల్లోంచి అమ్మోనియా వదులుతుంది, అది దానికే విషం. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. మరో రకం దాన్ని పెద్దగా హాని చెయ్యని నైట్రేట్‌గా మారుస్తుంది. ఫిల్టరు స్పాంజిలో, గులకరాళ్ల మీద ఈ బాక్టీరియా కాపురం పెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నిర్మాతగారికి అంత టైమెక్కడిది? గురువారం ముహూర్తమంటే బుధవారం రాత్రి నీళ్లు పోస్తారు, తెల్లారి చేపల్ని వేస్తారు. రెండో వారానికి అవి వెల్లకిలా తేలతాయి. ఆ వారంలోనే ఏదో ఒక గండం తప్పి ఉంటుంది. సినిమా ఫీల్డులో గండం లేని వారం ఉండదు కాబట్టి ఆయన సిద్ధాంతానికి రుజువుల కొరత ఎన్నడూ రాదు.

ఇక తారాగణం. అదృష్టం తెచ్చే డ్రాగన్ చేపగా పేరుపొందింది ఆగ్నేయాసియా నదుల ఆరోవానా. 1975 నుంచి అది అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం సైటీస్ మొదటి అనుబంధంలో ఉంది. పర్మిట్లు లేకుండా దేశాలు దాటకూడదు. మన తొట్లలో ఎక్కువగా తిరిగేది అమెజాన్ నుంచి వచ్చిన వెండి ఆరోవానా, అంటే పాపం డూపు. దాదాపు మూడడుగులు పెరిగే ఈ డూపు, నోట్లో పట్టే చేప దేన్నీ వదలదు. ఎనిమిది ప్లస్ ఒకటి లెక్కను అది ఒక్క రాత్రిలో సరిచేస్తుంది. దానికి 26, 27 డిగ్రీల నీళ్లు కావాలి, నిర్మాతగారికి 18 డిగ్రీల ఏసీ కావాలి. తొట్టిలో హీటరూ గదిలో ఏసీ ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటే గెలిచేది కరెంటు ఆఫీసు. ఈశాన్యం మూల తూర్పు కిటికీ ఎండ పడి అద్దమంతా పచ్చని పాచి పడుతుంది. దాన్ని చూసి ఆయన చిరాకుపడగానే నెలవారీ కుర్రాడొస్తాడు. నీళ్లన్నీ తోడేసి, స్పాంజిని క్లోరిన్ ఉన్న నల్లా కింద తళతళలాడేలా కడుగుతాడు. ఆరు వారాల కాపురం ఆరు నిమిషాల్లో ఖాళీ. వారానికి పావు వంతు నీళ్లు మార్చి, స్పాంజిని ఆ తీసిన నీళ్లలోనే పిండితే సరిపోయేది. క్లోరిన్‌కు విరుగుడు సోడియం థయోసల్ఫేట్, అంటే నలుపు తెలుపు ఫిలిం కడిగే రోజుల్లో ల్యాబుల్లో హైపో అని పిలిచిన ఆ ఉప్పే. సినిమా వాళ్లు మర్చిపోవలసిన వస్తువు కాదు.

ఎవరి నమ్మకం వారిది, నష్టమెవరికి అంటారు కొందరు. నమ్మకం ఒక్క చేపను చంపి ఊరుకుంటే నేనూ ఊరుకునేవాణ్ణి. అది తెలుసుకునే దారినే మూసేస్తోంది. ఫలానా తప్పు వల్ల చచ్చిందని ఒప్పుకుంటేనే రెండో చేప బతుకుతుంది. గండం ఖాతాలో రాసుకుంటే పదో చేప కూడా అలాగే పోతుంది. పైగా తనంతట తాను చస్తే శుభం గానీ చేతులారా చంపితే పాపం. అందుకని పాచి తినడానికి తెచ్చిన సక్కర్ చేప తొట్టి పట్టనంత పెరిగితే పుణ్యానికి ఏ చెరువులోనో వదిలేసేవాళ్లున్నారు. ఆ జాతి చేపే ఇవాళ మన నదుల్లో దెయ్యం చేపగా వలల్లో పడి, ముళ్లతో వాటిని చించుతూ జాలర్లను ఏడిపిస్తోంది.

ఈ జబ్బు కూకట్‌పల్లి ఫ్లాట్లలో లేదా అని ఇంకొకరు అడగొచ్చు. ఉంది. అయితే అక్కడ ఇరవై లీటర్ల తొట్టి, అందులో నీళ్లు చెడిపోవడానికి ఒక పూట చాలు. చేపల పెంపకంలో పెద్ద తొట్టే సులువు, ఎక్కువ నీళ్లలో విషం పలచబడుతుంది, వేడి నిలకడగా ఉంటుంది. అంటే ఊళ్లో అందరికన్నా సుఖంగా చేపను బతికించగలవాడు మన నిర్మాతగారే. ఆ అవకాశాన్ని వాడుకుంటున్నవాళ్లు జూబ్లీహిల్స్‌లోనూ ఉంటారు. వాళ్ల తొట్టి పక్కన అమ్మోనియా టెస్ట్ కిట్టు ఉంటుంది, నోట గండం మాట ఉండదు. వాళ్లు నా లెక్కలోకి రారు.

ఫిల్మ్‌నగర్ వెళ్లే రచయితలకూ దర్శకులకూ ఒక మనవి. నిర్మాతగారి గండం గడిచిందని ఎవరైనా చెబితే, అభినందించడానికి లోపలికి వెళ్లేముందు ఫిల్టరు ఎప్పుడు కడిగారో ఆ నెలవారీ కుర్రాణ్ణి అడగండి.